ఇంజన్ ఆగాకే చాయ్

బండి ఇంజన్ ఆగేదాకా జక్కయ్య అమ్మేవాడి చాయ్ ముట్టడు. దూలపల్లి నుంచి అత్వెల్లి దాకా, మట్టి తవ్వే పాత ప్రొక్లెయిన్లు అమ్మే ప్రతి యార్డులోనూ ఈ సంగతి తెలుసు. "చాయ్ తాగితె నాలిక తీపైతది. తీపైన నాలికకు చేదు మాట తిరగది," అంటాడు. మరీ బతిమాలితే, "ఇంజన్‌కు పోసేది నాకు పొయ్యకుండ్రి, ఇద్దరికీ పొగొస్తది," అని తప్పించుకుంటాడు.

యాభై రెండేళ్ళ మనిషి. ఎత్తులో ఒక అడుగు తక్కువ, గొంతులో ఒక అరుపు ఎక్కువ. కొనేవాళ్ళ తరఫున పాత బండిని పరీక్ష చేసి, తీసుకోవచ్చో లేదో చెప్పడం అతని పని. ధర సంగతిలో మాత్రం వేలు పెట్టడు. "మీది బేరం, నాది బేరింగు," అని ముందే చెప్పేస్తాడు. బైబిల్లో చెట్టెక్కి చూసిన పొట్టి జక్కయ్య పేరే ఇతనిదీ. పేరుకు తగ్గట్టే పొట్టోడు, పేరుకు తగ్గట్టే ఎక్కి చూస్తాడు అని చర్చిలో నవ్వుకుంటారు. అతనూ నవ్వుతాడు, వాళ్ళకంటే గట్టిగా.

ఆ బుధవారం పొద్దున ఆరున్నరకే జక్కయ్య, బండి కొనబోయే భార్యాభర్తలు, ముగ్గురూ అత్వెల్లి చేరారు. హైవే పక్కన బాలరాజు యార్డులో బండ్లన్నీ రెండో పెళ్ళికి జుట్టుకు రంగేసుకున్న పెళ్ళికొడుకుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. గిడియోన్ ఆ వరసలో నాలుగోదాని దగ్గరికి తిన్నగా వెళ్ళి నిలబడ్డాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఉంటాడు. పన్నెండేళ్ళుగా వేరేవాళ్ళ సీట్లో కూర్చుని వేరేవాళ్ళ మట్టి తవ్వినవాడు. ఇప్పుడు భార్య క్రిస్టీనాకు పుట్టింటివాళ్ళిచ్చిన ప్లాటు అమ్మేశారు. ఊరి వెనక కొత్త లేఅవుట్‌లో బండరాళ్ళు పగలగొట్టే పని మాట్లాడుకున్నారు. సోమవారానికి సొంత బండి, దానికి బకెట్ బదులు రాయి పగలగొట్టే బ్రేకర్ ఉంటేనే పని. లేకపోతే ప్లాటూ లేదు, పనీ లేదు.

"పొద్దుగాల ఎవరన్న స్టార్ట్ జేసిండ్రా సేటూ?" అని అడిగాడు జక్కయ్య.

"నీ మాట దాటుతమా జక్కయ్యా. తాళం నా జేబుల్నే ఉంది," అన్నాడు బాలరాజు.

జక్కయ్య పక్క తలుపు తెరిచి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించాడు. జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు.

"సల్లగుంది. రాసుకో అమ్మా. ఉడుకుమీదున్న ఇంజన్ అందరితోటి మంచిగనే ఉంటది. సల్లగున్నప్పుడు లేపితెనే దాని గుణం తెలుస్తది."

"మా ఆయన లెక్కనే," అంది క్రిస్టీనా. ఆమె అంగన్‌వాడీ టీచర్. రిజిస్టర్లకు గీసినట్టు నోటుబుక్కులో నిలువు గీతలు గీసి, ఒక వైపు బండి భాగాల పేర్లు రాసుకొచ్చింది. రెండో వైపు ఖాళీ. జక్కయ్య చెప్పింది అందులో నింపాలి.

అతను చిన్న సుత్తి తీసుకుని బకెట్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్క పిన్ను మీద కొడుతూ, చెవి పక్కకు వంచి విన్నాడు. ఒక్కో పిన్నుకు రెండు దెబ్బలు, ఆ సందులో వేలిగోరు పెట్టి చూడటం. "పిన్ను పోతె పన్ను పోతది తమ్మీ. పన్ను పోతె పని పోతది." బకెట్ పళ్ళు అయిదూ తడిమాడు. కొత్తవి. చైన్ లింకుల మధ్య కట్టె పెట్టి లేపాడు. "చైన్ బాగుంటెనే దిల్‌కు చైన్." గిడియోన్ నవ్వాడు, నవ్వుతూనే అతను తడిమిన చోటల్లా తనూ తడిమాడు. కొనబోయే బండిని అలా తడమడంలో ఒక సిగ్గు ఉంటుంది. అది అతని చేతిలో కనిపిస్తోంది.

ఇంజన్ ఒక్క తాళానికే లేచింది. తెల్లపొగ లేదు, నీలిపొగ లేదు. జక్కయ్య ఇంజనాయిల్ మూత విప్పి, తలకిందులుగా అదే రంధ్రం మీద పెట్టాడు. లోపల గాలి ఎక్కువ తన్నితే ఆ మూత ఎగిరి నాట్యం చేస్తుంది. మూత కొంచెం వణికి, ఒద్దికగా కూర్చుంది.

"సదువుకున్న పిల్ల లెక్కుంది," అన్నాడు జక్కయ్య. క్రిస్టీనా 'ఇంజన్' ఎదురుగా 'మంచిది' అని రాసింది.

అప్పుడు క్యాబిన్ ఎక్కాడు.

సీటు కవరు కొత్తది. అద్దాలు తుడిచి ఉన్నాయి. కుడిచేతి పక్కన అవర్ మీటర్. బండి పుట్టినప్పటి నుంచి ఎన్ని గంటలు నడిచిందో చూపించే గుండ్రటి బిళ్ళ. తొమ్మిదివేల ఆరువందల నలభై. "రాసుకో..." అని నోరు తెరిచి ఆగిపోయాడు.

మీటర్ చుట్టూ నాలుగు స్క్రూలు. మూడు నల్లవి. ఎడమవైపు కింది మూలది ఇత్తడిది.

బొటనవేలితో దాన్ని ఒత్తాడు. తల మీద ఒక పక్క చిన్న గాటు. అది అతని భార్య ఎలీషమ్మ కుట్టుమిషన్‌ది. ఆరేళ్ళ కింద, దానికి జత దొరుకుతుందేమోనని షాపులో చూపించడానికి చొక్కా జేబులో వేసుకుని తిరిగిన స్క్రూ. ఇదే యార్డులో, ఇదే క్యాబిన్‌లో, నల్లది ఒకటి వేళ్ళ నుంచి జారి ఫ్లోరు కంతలోకి పోతే, దాని బదులు జేబులోది బిగించేశాడు. ఆ రోజు ప్యానెల్ విప్పినప్పుడు మీటర్ మీద పదమూడువేల ఎనిమిదివందలు ఉంది. మూసినప్పుడు అయిదువేల రెండువందలు. "సినిమావోళ్ళ వయసు, బండ్ల వయసు అడగొద్దు సేటూ," అన్నాడు. బాలరాజు నవ్వాడు. తను ఇంకా గట్టిగా నవ్వాడు.

అమ్ముడుపోయిన బండి తిరిగి ఇక్కడికే వచ్చింది. అప్పుడు దాని రంగు వేరు, బకెట్ వేరు. అందుకే కింద ఉన్నంతసేపూ ఆనవాలు పట్టలేదు. మనసులో కూడిక చేశాడు. అప్పుడు తను తగ్గించిన ఎనిమిదివేల ఆరువందలు కలిపితే, పద్దెనిమిదివేల రెండువందల నలభై.

"ఎంత బావా?" కింద నుంచి అడిగింది క్రిస్టీనా.

"తొమ్మిదివేల ఆర్నూట నలభై," అన్నాడు. ఉన్నది చదివాడంతే.

బండి పొడుగు చెయ్యి, బూమ్ లేపాడు. బకెట్ నేలకు మోకాలెత్తున ఆపి, పక్కన కట్టె నిలబెట్టించి, బకెట్ పంటికి సరిగ్గా సుద్దతో గీత గీయించాడు. ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా పది నిమిషాలు చూడాలి. బూమ్ తనంతట తాను ఎంత దిగితే, లోపల పంపు, సీళ్ళు అంత అలిసిపోయాయని అర్థం. ఆ పది నిమిషాలూ అతను క్యాబిన్ మెట్టు మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే ఈ పది నిమిషాల్లోనే అతని జోకులన్నీ బయటికొస్తాయి. పంపు పోతే ఇంటికి పంపుడే అనేది ఇక్కడ చెప్పాల్సిన జోకు. చెప్పలేదు.

బాలరాజు తనే స్వయంగా గ్లాసు పట్టుకుని చైన్ పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించి, "ఏందట్ల జూస్తవు? నీ చెయ్యి పడ్డ బండే గదా. పాపం నీ చెయ్యి మంచిది, ఆరేండ్లు బతికింది," అన్నాడు. "తాగు. సల్లారిపోతది."

జక్కయ్య గ్లాసు అందుకుని తాగాడు. కింద ఇంజన్ నడుస్తూనే ఉంది. నోటుబుక్కు మీద నుంచి క్రిస్టీనా తలెత్తి చూసి, మళ్ళీ వంచుకుంది.

గీత నుంచి పంటి దాకా ఒకటిన్నర వేలి వెడల్పు దిగింది. పాస్. అన్నిటా పాస్. అన్ని పరీక్షలూ నెగ్గిన బండి వయసు ఒక్కటే అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధం చెప్పడం దానికి నేర్పిన మాస్టారు తనే.

"ఎట్లుందన్నా?" అన్నాడు గిడియోన్. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని నిలబడ్డాడు, ఇప్పుడే తాళం ఇస్తారన్నట్టు.

చెప్పాల్సింది ఒక్క ముక్క. ఈ మీటర్ తిప్పింది నేనే. ఒక మాటను పది రకాలుగా మెలిపెట్టగలిగినవాడికి ఈ నాలుగు మాటలూ తిన్నగా నోటికి రాలేదు. అది చెబితే రేపటి నుంచి ఏ యార్డులోనూ అతని అరచేతికి విలువ ఉండదు. చెప్పకపోతే, ఈ వయసు మీద బ్రేకర్ పెట్టి రాయి కొడితే, ఆరు నెలలకో ఏడాదికో పంపు పోతుంది, దాని వెంట ప్లాటు పోతుంది. ఈ రెండింటి మధ్యా అతనికో మూడో దారి కనిపించింది.

"వద్దు తమ్మీ. స్లూయింగ్ బేరింగ్ పోయింది."

బండి పైభాగమంతా గుండ్రంగా తిరిగేది దాని మీదే. అది పోతే బండి కొనడం దండగ.

"ఎట్ల తెలిసింది బావా? నువ్వు దాన్ని చూడనే లేదు గదా," అంది క్రిస్టీనా. నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా ఉంది.

"సప్పుడు," అన్నాడు జక్కయ్య. "మీకు ఇనబడదు."

గిడియోన్ కొంతసేపు బండివైపు చూసి, "అన్న వద్దంటె వద్దే," అన్నాడు. బాలరాజు చెయ్యి చాచాడు. ఖాళీ గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గిడియోన్ ఫోన్ చేశాడు. వెనక ఇంజన్ చప్పుడు.

"అన్నా, బాలరాజ్ సేటు పొద్దుగాల రమ్మన్నడు. నా ముంగటనే బేరింగ్ మీది మూత విప్పిండు. గ్రీజుల ఇంత ఇనుపపొడి లేదు. బకెట్ నేలకు తన్నిపెట్టి బండి ముందర లేపిండు. సందుల బ్లేడు కూడ పోలేదన్నా."

"తమ్మీ..."

"నేను పన్నెండేండ్లు నడిపిన. బేరింగ్ నాకు తెల్వదా? నువ్వు చెప్పినవని నిన్న నా చెవులు నేను మూసుకున్న." గిడియోన్ గొంతు తగ్గించాడు. "అవతలి యార్డోడు నీకు పదో పరకో మాట్లాడుకున్నడని సేటు అంటుండు. నేను అనలే. ఆయన అంటుండు."

"నేను ఎవ్వని దగ్గర రూపాయి ముట్టలే."

"మరి ఎందుకు జెప్పినవన్నా గట్ల?"

జక్కయ్య ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చాడు. అవతల ఫోన్ కట్టయింది.

శనివారం స్కూటర్ మీద మేడ్చల్ పోతుంటే, దారిలో వెల్డింగ్ షాపు ముందు ఆ బండి కనిపించింది. బ్రేకర్ బిగిస్తున్నారు. బూమ్ పొడవునా కొత్త పైపులు, వాటిని పట్టి ఉంచడానికి క్లాంపులు. వెల్డింగ్ మెరుపులు పగటి ఎండలో కూడా కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. జక్కయ్య రోడ్డుకు ఇవతల బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే చూస్తూ నిలబడ్డాడు. బ్రేకర్‌కు నూనె పోయే లైను సరిగ్గానే వేశారు. తిరిగొచ్చే లైనును మాత్రం పాత లైనులో కలిపేస్తున్నారు. రాయి కొట్టి కాగిపోయిన నూనె, ఉన్న మురికితో సహా తిన్నగా లోపలికే పోతుంది. వయసులో ఉన్న బండికే అది మంచిది కాదు.

కాళ్ళు వాటంతటవే రోడ్డు దాటాయి.

"రిటర్న్ లైను ట్యాంకుకు వేరుగ ఎయ్యిండ్రి. మధ్యల ఒక ఫిల్టర్ పెట్టుండ్రి," అన్నాడు వెల్డర్‌తో.

క్యాబిన్‌లోంచి గిడియోన్ తల బయటపెట్టాడు. చేతిలో స్క్రూడ్రైవరు, భుజాన కిరోసిన్ గుడ్డ. లోపలంతా తళతళలాడిస్తున్నాడు. క్రిస్టీనా కింద కూర్చుని, పైనుంచి వస్తున్న పాత స్టిక్కర్లూ, పగిలిన ప్లాస్టిక్కూ ఒక మిఠాయి డబ్బాలో వేస్తోంది.

"అన్నా, నీ పని అయిపోయింది గదా," అన్నాడు గిడియోన్. గొంతులో కోపం లేదు. అదే కష్టమనిపించింది జక్కయ్యకు. "పైసలు ఇచ్చిన గదా నీకు, చూసినందుకు."

"పైసల గురించి గాదు తమ్మీ. పైపుల గురించి."

ఎప్పటిలా ఆ మాట దానంతటదే నోట్లోంచి జారింది. ఎవరూ నవ్వలేదు. క్రిస్టీనా లేచి వెల్డర్ దగ్గరికి వెళ్ళింది. "గాయన చెప్పినట్టే ఎయ్యి," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ లాల్‌గడి మలక్‌పేట్ వచ్చారు. గిడియోన్ ఇంటి పక్క ఖాళీ జాగాలో బండి నిలబెట్టి, బూమ్‌కు ఎర్ర రిబ్బన్ కట్టారు. బకెట్ పక్కకు దించి ఉంది. దాని చోట బ్రేకర్, మొన దించుకుని. పాస్టర్‌గారు బండి ముందు నిలబడి, పెద్దలందరినీ దాని మీద చెయ్యి పెట్టమన్నారు. కొత్త బండి కొంటే వీళ్ళలో అది రివాజు. చేతులన్నీ బండి మీదికి వెళ్ళాయి. ఎలీషమ్మ మోచేత్తో పొడిస్తే జక్కయ్య కూడా ముందుకు జరిగాడు. అతని చెయ్యి అలవాటుగా ఇంజన్ తలుపు మీదే పడింది. గిడియోన్ పొద్దున్నుంచి అందరికీ నడిపి చూపించినట్టున్నాడు, రేకు కాలుతోంది. ఇన్ని చేతుల కింద ఆ బండి వయసు తెలిసిన చెయ్యి అదొక్కటే. ప్రార్థన అయ్యేదాకా అతను చెయ్యి తియ్యలేదు.

అన్నాలు పెడుతుండగా గిడియోన్‌ను బండి వెనక్కి తీసుకెళ్ళాడు.

"తమ్మీ, బేరింగ్ మంచిగనే ఉంది. అబద్ధం జెప్పిన. పోయింది మీటర్. పద్దెనిమిది వేలు దాటింది గీ బండి. ఆరేండ్ల కింద మీటర్ తిప్పింది నేనే."

గిడియోన్ అతన్ని తేరిపార చూశాడు.

"మొన్న బేరింగ్. ఇయ్యాల మీటర్. రేపేందన్నా, హారనా?"

"నువ్వు నమ్మవని తెలుసు. పైకెక్కు, చూపిస్త. మూడు నల్ల స్క్రూలు, ఒకటి ఇత్తడిది. మా ఎలీషమ్మ కుట్టుమిషన్‌ది."

పొట్టి మనిషి గబగబా ఎక్కాడు. వెనకే గిడియోన్. మీటర్ చుట్టూ నాలుగు స్క్రూలు. నాలుగూ నల్లవి, నాలుగూ కొత్తవి, ఎండకు మెరుస్తున్నాయి.

"గీడ ఉండాలె," అన్నాడు జక్కయ్య, ఎడమ మూల వేలు పెట్టి.

"నిన్న నేనే మార్చిన. ఒకటి ఒక రంగు, ఒకటి ఒక రంగు గలీజుగ ఉండె. నా బండి గదా." ఆఖరి మాట అంటూ అతను మీటర్ అంచును బొటనవేలితో తుడిచాడు. "పాతయి ఎవడు దాస్తడన్నా."

"ఇత్తడిది జూసినవ్ గదా, ఉండె గదా?"

"ఉండె. ఉంటె? ఇత్తడి స్క్రూ యాడ దొరకదు?" గిడియోన్ సీటు మీది దుమ్ము చేత్తో దులిపాడు, అక్కడ దుమ్ము లేకపోయినా. "గీ సీట్ల గూసోవాలని పన్నెండేండ్లు జూసిన. నువ్వు ఉత్తగ వద్దు తమ్మీ అన్నా వద్దనుకుంటుంటి. బేరింగ్ పోయింది అన్నవు. నమ్మిన. గా నమ్మకాన్నే నువ్వు ఇరగ్గొట్టినంక, మల్ల కొత్తది ఎక్కడికెల్లి తెమ్మంటవు? ఇగ దిగు. అన్నం తిని పో."

జక్కయ్య దిగాడు. అన్నం తినలేదు.

సోమవారం మధ్యాహ్నం క్రిస్టీనా దూలపల్లి వచ్చింది. అంగన్‌వాడీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర కొంగుకు సుద్దపొడి. ఎలీషమ్మ వాకిట్లో జాకెట్ కుడుతోంది. జక్కయ్య పక్కన పీట మీద కూర్చుని, చేసే పని లేక సుత్తికి గుడ్డ చుడుతున్నాడు. పొద్దున్నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. రెండూ బండి చూడటానికి రమ్మన్నవాళ్ళవే. రావద్దని చెప్పడానికి.

క్రిస్టీనా చేతిరుమాలు మడత విప్పింది. లోపల ఇత్తడి స్క్రూ.

"గిది నాదే," అంది ఎలీషమ్మ ఎవరూ అడగకముందే. మిషన్ ముందు పలక పైన, ఆరేళ్ళుగా ఇనుప తీగతో కట్టిపెట్టిన చోట తీగ విప్పింది. స్క్రూ పెట్టి, రూపాయి బిళ్ళతో తిప్పింది. మూడు చుట్లకు గట్టిగా కూర్చుంది. పలక కదలడం ఆగిపోయింది. ఎలీషమ్మ మొగుడివైపు తిరిగింది. "నీ తలకాయల స్క్రూ పోయిందంటె ఎన్నడో ఒప్పుకున్న. నా మిషన్‌ది ఆడ బిగిచ్చినవా?"

ఆమె నవ్వుతూ మొదలుపెట్టింది. మొగుడి మొహం చూసి ఆపేసింది.

"మిఠాయి డబ్బాల ఉండె బావా," అంది క్రిస్టీనా. "నువ్వు మా ఆయనకు జెప్తుంటె బండి అవతలి దిక్కుకెల్లి ఇన్న. ఆయన నమ్మలే. నేను నిన్ననే నమ్మిన. అసలు బుధవారమే అనుమానమొచ్చింది."

"ఎట్ల?"

"ఇంజన్ నడుస్తుండంగ నువ్వు చాయ్ తాగినవ్."

జక్కయ్య సుత్తి కింద పెట్టాడు.

"ఇట్ల ఇంకెన్ని బండ్లకు జేసినవ్?" అని అడిగింది క్రిస్టీనా. అంగన్‌వాడీలో పిల్లల హాజరు అడిగినంత మామూలుగా.

"పదకొండు."

ఎలీషమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి వేసింది. తిప్పలేదు.

జక్కయ్య ఫోన్ తీసి బాలరాజుకు చేశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ వింటుండగానే, బండి వాపసు తీసుకొమ్మన్నాడు. లేకపోతే మీటర్ సంగతి నలుగురిలో పెడతానన్నాడు. అవతల నుంచి తాపీ నవ్వు. "పెట్టు జక్కయ్యా. నలుగురూ ఏమంటరు? మొన్న బేరింగ్ పోయిందన్నోడు ఇయ్యాల మీటర్ పోయిందంటుండు అంటరు. నీ మాటకు నువ్వే రంగేసినవ్, నేను వెయ్యలే."

జక్కయ్య ఫోన్ పక్కన పెట్టి, మిషన్ మీది ఇత్తడి స్క్రూ వైపు చూశాడు.

"పొయ్యి తమ్మీకి ఈ స్క్రూ చూపిస్త. ఇప్పుడన్న నమ్ముతడు," అన్నాడు.

"నమ్ముతడు," అంది క్రిస్టీనా. "నమ్మినంక ఏం జేస్తడు? పొద్దుగాల పని మొదలుపెట్టిండు. ఇప్పుడు ఆపితె పనీ పాయె, బండీ వాపస్ పోదు. ఇయ్యాల పొద్దుగాల ఆయన ఆ మెట్లు ఎట్ల ఎక్కిండో నువ్వు చూడలే బావా. లగ్గంల పందిరెక్కినప్పుడు కూడ గట్ల ఎక్కలే." ఆమె చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టింది. "చెప్పాల్సినప్పుడు నేనే జెప్త. అది నా లెక్క. నువ్వు నాకు ఒకటి నేర్పాలె."

"ఏంది?"

"అది ఎప్పుడు పోతదో ముందుగాల ఎట్ల తెలుస్తది? పోయేలోపు పైసలు జమ జేసుకుంట, లేకుంటె అమ్మేస్త. నువ్వు బండి దగ్గరికొస్తె ఆయన రానియ్యడు. నేను చూస్త. చెయ్యి ఎట్ల పెట్టాలె, ఏం ఇనాలె, చెప్పు."

ఆమె నోటుబుక్కు తీసింది. పాత పేజీ తిప్పి కొత్త పేజీలో నిలువు గీత గీసింది.

అతను నేర్పాడు. పంపు మీద చెయ్యి ఎక్కడ ఆనించాలో ఎలీషమ్మ మిషన్ మీదే చూపించాడు. నూనె బొట్టు పేపరు మీద వేస్తే మధ్యలో ఎంత నలుపు, అంచున ఎంత పసుపు ఉండాలో చెప్పాడు. ఆ పొద్దున గిడియోన్ ఇంజన్ వేడెక్కాలని బ్రేకర్ మోకాలెత్తున లేపిపెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళాడట. రోజూ ఆ పది నిమిషాలు దొరికితే చాలన్నాడు జక్కయ్య. పక్కన ఒక కట్టె, దాని మీద సుద్దగీత. ఎంత దిగిందో వేళ్ళతో కొలవాలి. ఎన్ని వేళ్ళయితే ఏం చేయాలో కూడా చెప్పాడు. మూడైతే పంపు చివరికొచ్చినట్టే. నేర్పుతున్నంతసేపూ ఒక్క జోకు లేదు. వెళ్ళేటప్పుడు క్రిస్టీనాయే వాకిట్లో ఆగి, "పంపు మీద ఏదో ఒకటి అంటవు గదా ఎప్పుడు," అంది.

"మర్చిపోయిన," అన్నాడు.

అప్పటి నుంచి పొద్దున ఆరుంబావుకు ఫోన్ మోగుతుంది. క్రిస్టీనా పలకరించదు. ఫోన్‌ను ఇంజన్ పక్కన పెడుతుంది. జక్కయ్య వాకిట్లో పీట మీద కూర్చుని, చెవికి ఫోన్ ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ఎక్కి చూడాల్సిన మనిషి ఎక్కడానికి లేక, వింటాడు. మొదటి రోజుల్లో పంపు గొంతు సాఫీగానే ఉంది. మూడో వారంలో, గిడియోన్ లివర్ లాగి బ్రేకర్ లేపినప్పుడల్లా చివర్న ఒక సన్నటి మూలుగు మొదలైంది. ఆమెకది వినిపించిందో లేదో తెలియదు. "ఇయ్యాల చివర్న ఒక ఈల ఉంది, ఇన్నవా?" అన్నాడు. "ఇన్న," అంది. రాసుకుంటున్న చప్పుడు.

ఆ గురువారం కూడా ఫోన్ మోగింది. ఎలీషమ్మ చాయ్ గ్లాసు తెచ్చి పీట పక్కన పెట్టింది.

"ఎంత దిగింది?" అన్నాడు జక్కయ్య.

"మూడు వేళ్ళు బావా."

"మొన్న?"

"రెండు."

దూరంగా గిడియోన్ ఏదో పాట అందుకుంటూ వస్తున్న చప్పుడు. మెట్టు మీద బూటు, తర్వాత తలుపు. క్రిస్టీనా ఫోన్ తీసుకుంది గానీ కట్ చెయ్యలేదు. చైన్లు కదిలాయి. బండి ఖాళీ జాగా దాటి, రోడ్డెక్కి, లేఅవుట్ వైపు పోతోంది. చప్పుడు పలచబడుతోంది గానీ ఆగలేదు. కాసేపటికి ఎక్కడో దూరాన బ్రేకర్ రాయి మీద పడటం మొదలైంది.

"తాగరాదూ, సల్లారిపోతది," అంది ఎలీషమ్మ.

"ఇంజన్ ఇంక నడుస్తనే ఉంది," అన్నాడు జక్కయ్య.

గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. అతను ఫోన్ చెవికి ఇంకొంచెం గట్టిగా ఆనించుకున్నాడు.